గోడ అవతలి తుపాకులు

నా చిన్నప్పుడు, ఖతార్‌లో, మా పడగ్గది గోడకు అవతల మధ్యాహ్నం పూట ఎవరో తుపాకులు తెరిచి మూస్తుండేవారు. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. నాయనమ్మకు మతిమరుపుతో పాటు కోతలు కోయడం కూడా మొదలైందని వాళ్ళ అనుమానం. నవ్వుకోనీ. ఆ చప్పుడు వాళ్ళు పుట్టకముందు నుంచీ నా చెవుల్లో ఉంది.

మేం అప్పుడు దోహా పక్కన అల్ ఘర్రాఫాలో ఉండేవాళ్ళం. ఇల్లని పేరే గానీ, ఒక పెద్ద విల్లాలో అడ్డంగా గోడలు లేపి విడదీసిన రెండు గదుల ముక్క అది. ప్రపంచ కప్పు వస్తోందని దోహా అంతా ఒకటే తవ్వకం. నిన్న వెళ్ళిన దారి ఇవాళ ఉండేది కాదు. మా నాన్న జగిత్యాల నుంచి డిప్లొమా పట్టుకుని వెళ్ళి స్టేడియం పనుల్లో సర్వేయరుగా కుదిరాడు. సాయంత్రం ఇంటికొచ్చి తల దులుపుకుంటే ఇసుక రాలేది. ఇళ్ళకు గిరాకీ ఎంత పెరిగిందంటే, యజమానులు కుటుంబాలను ఖాళీ చేయించి విల్లాలకు విల్లాలు కంపెనీలకు ఇచ్చేస్తున్నారు. మా బడిలో పిల్లలు ఒక్కొక్కరే కనిపించకుండా పోతున్నారు. తల్లీ పిల్లలూ ఊరికి వెళ్ళిపోతే, తండ్రి కంపెనీ క్యాంపులో చేరేవాడు.

"ఈ ఇల్లు పోయిందంటే మీరు జగిత్యాలకు, నేను క్యాంపుకు. సప్పుడు చేయకుండ ఉండాలె," అని మా నాన్న అన్నం కలుపుకుంటూ అంటుండేవాడు. నాన్న లేని ఇల్లు నా ఊహకు అందేది కాదు. అందుకని ఆ రెండు గదుల్లో నేను పిల్లిలా నడిచేదాన్ని.

మా గోడకు అవతలిది ఇంటి యజమాని మజ్లిస్. అంటే మగవాళ్ళు చేరి కాఫీ తాగే పెద్ద గది. ఆ పెద్దాయనకు పాత తుపాకులు సేకరించే పిచ్చి ఉండేది. అన్నీ వేట తుపాకులే, అన్నీ ఒకే జాతివి. ట్రిగ్గరు చుట్టూ ఒక ఇనుప పిడి ఉంటుంది. దాన్ని కిందికి లాగితే తుపాకీ తెరుచుకుంటుంది, పైకి మూస్తే తూటా లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. లివర్ రైఫిళ్ళు అనేవాడు నాన్న. కుర్రతనంలో ఆ పెద్దాయన దుఖాన్‌లో చమురు బావుల దగ్గర పనిచేశాడట. అక్కడ ఒక విదేశీయుడు తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ తన వేట తుపాకీని ఈయన చేతిలో పెట్టాడు. ఆ ఒక్కదానికి తోడు వెతకడంలోనే ఈయన జీవితం గడిచిపోయింది. బొంబాయిలో కొన్నాడు, బస్రాలో కొన్నాడు, ఇంకా ఎక్కడెక్కడి నుంచో తెప్పించాడు. ఆయన పట్టింపు ఒక్కటే. తుపాకీతో పాటు దానితో వేటాడిన మనిషి పేరూ, వాడి కథా కూడా ఇవ్వాలి. పేరు తెలియని తుపాకీ ఎంత ముచ్చటగా ఉన్నా ముట్టుకునేవాడు కాదు.

మేం ఆ ఇంట్లో చేరిన ఏడాదే ఆయన పోయాడు. పెద్ద కొడుకు వచ్చి, తూటాలన్నీ పోలీసులకు అప్పగించి, మజ్లిస్‌కు బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళాడు. అతని కాపురం వేరేచోట. పెద్దాయన భార్య మాత్రం విల్లా వెనక భాగంలో ఒక పనిమనిషితో ఉంటోందని విన్నాం. వాళ్ళ గుమ్మం వేరు, ప్రహరీ వేరు. ఆమెను మేం ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక వీధి మొత్తం తలుపులు వేసుకుని పడుకునేది. ఆ ఎండలో బయట పురుగు కూడా కదలదు. అప్పుడు మొదలయ్యేది. ఇనుము కిందికి జారిన చప్పుడు, కాస్త ఆగి ఇనుము మూసుకున్న చప్పుడు. ఒకటి నున్నగా జారేది, ఒకటి కీచుమనేది, ఇంకొకటి గొంతులో కఫం అడ్డుపడ్డ మనిషి దగ్గినట్టు వినిపించేది. రోజూ అదే వరస. నాకు ఆ వరసంతా ఎక్కాల్లాగా నోటికి వచ్చేసింది. ప్రతి చప్పుడుకూ ముందు సన్నగా ఒక గొంతు ఏదో అనేది. ఒక్కో తుపాకీకి ఒక్కో మాట. ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది. పిలిచిన తర్వాత, పలికినట్టుగా, ఇనుము చప్పుడు చేసేది.

ఒకరోజు ధైర్యం చేసి, ఆ చప్పుడు వినిపిస్తుండగానే బయటికి వెళ్ళి చూశాను. మజ్లిస్ తలుపుకు తాళం వేసింది వేసినట్టే ఉంది. గడియ మీద పేరుకున్న ఇసుక కూడా చెదరలేదు. లోపల మాత్రం ఇనుము తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అంత ఎండలోనూ నాకు వణుకు పుట్టింది. తిరిగి ఇంట్లోకి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు.

అమ్మకు చెప్పలేదు. చెబితే భయపడుతుంది. భయపడితే ఇల్లు మారదామంటుంది. మారడానికి ఇంకో ఇల్లు ఎక్కడుంది? ఊరికే ఎందుకు చెప్పడమని నోరు కట్టేసుకుని, చెవుల మీద దిండు అదుముకుని పడుకునేదాన్ని. అలా ఎన్ని మధ్యాహ్నాలు గడిచాయో చెప్పలేను. ఒకనాడు దాహం వేసి లేచి వంటగదిలోకి వెళ్తే, మా అమ్మ గోడకు చెవి ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"నీక్కూడ ఇనిపిస్తుందా బిడ్డా?" అంది. నేను తలూపాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డాం. ఇన్నాళ్ళూ ఒకరి కోసం ఒకరం దాచిపెట్టుకున్న భయం ఆ రోజుతో రెట్టింపైంది.

ఆ సాయంత్రమే అమ్మ జగిత్యాలకు ఫోన్ కలిపింది. మా అమ్మమ్మకు గల్ఫంతా దుబాయే. "దుబాయ్‌ల గూడ దయ్యాలుంటయానే?" అని మొదట ఆశ్చర్యపోయింది. అంతా విన్నాక మాత్రం ఆమెకు ఏ సందేహమూ మిగల్లేదు. "ఆ ముసలాయన తుపాకులను ఇడిశిపెట్టి పోలేకపోతున్నడు. పిల్లకు దిష్టి తీసి, ఎర్రనీళ్ళు ఆ తలుపు ముంగట పోసి రా," అని తీర్పు చెప్పింది.

పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రగా మారతాయని మనకు తెలుసు. అమ్మ ఇత్తడి పళ్ళెంలో ఆ నీళ్ళు కలిపి, సందెవేళ నన్ను నిలబెట్టి చుట్టూ తిప్పింది. తర్వాత నేనూ అమ్మా చప్పుడు కాకుండా వెళ్ళి మజ్లిస్ గుమ్మం ముందు పారబోశాం. కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు రెండు అటూ ఇటూ పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాం. మా ఊళ్ళో అయితే పొద్దున్నే ఎవరో ఒకరు చూసి, తిట్టుకుంటూ పక్కనుంచి దాటుకుని పోతారు. అక్కడితో సరి. ఇది అల్ ఘర్రాఫా అని అమ్మమ్మకూ, అమ్మకూ, నాకూ ఎవరికీ తట్టలేదు.

మర్నాడు శుక్రవారం. నాన్నకు సెలవు. విల్లాను ఏదో కంపెనీకి ఇవ్వాలన్న ఆలోచనతో పెద్ద కొడుకు గదులు చూసుకోవడానికి వచ్చాడు. తెల్లటి రాతి గుమ్మం మీద ఎర్రటి మరక చూసి, "దమ్! దమ్!" అని గట్టిగా అరిచాడు. దమ్ అంటే వాళ్ళ భాషలో రక్తం. తుపాకుల గది ముందు రక్తం కనబడితే ఏ కొడుకైనా ఏమనుకుంటాడు? తర్వాత దగ్గరికి వంగి, నిమ్మచెక్కలూ కుంకుమా చూశాడు. అప్పుడు అతని ముఖం ఇంకా మారిపోయింది. "సిహ్ర్" అన్నాడు, ఈసారి చాలా మెల్లగా. చేతబడి అన్నమాట. ఆ దేశంలో అది నేరం. మొదట పోలీసులు వస్తారు, ఆ తర్వాత విమానం ఎక్కించేస్తారని మా నాన్నకు తెలుసు.

నాన్న లుంగీ మీదే బయటికి పరుగెత్తాడు. "మాఫీ ముష్కిల్ సార్, మాఫీ ముష్కిల్," అని అంటున్నాడు, అంటే ఏ ఇబ్బందీ లేదని. అక్కడ ఉన్నదంతా ముష్కిలేనని ఆయనకు కనబడుతూనే ఉంది. అమ్మ నా భుజాలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడిపోయింది. ఆమె గోళ్ళు నా భుజాల్లోకి దిగుతున్నాయి. ఆ కొడుకు ఫోన్ తీశాడు. అయిపోయింది, ఇక నాన్న క్యాంపుకు, మేం జగిత్యాలకు అనుకున్నాను. నాకు ఏడుపు కూడా రాలేదు.

సరిగ్గా అప్పుడు, తాళం వేసిన ఆ తలుపు వెనక, ఇనుము తెరుచుకుంది. మూసుకుంది.

ఆ కొడుకు చేతిలో ఫోన్ అలాగే ఆగిపోయింది. తాళం వైపు చూశాడు. జేబులో తాళంచెవి తడుముకున్నాడు. అంత పొడుగు మనిషి, గడ్డం ఉన్న మనిషి, మా అమ్మకన్నా ఎక్కువ భయపడ్డాడు. పెదవుల మీద ఏదో ప్రార్థన చదువుకుంటూ తాళం తీసి తలుపు తోశాడు.

లోపల చీకటిగా ఉంది. గోడల నిండా తుపాకులు. కింద ఎర్ర తివాచీ మీద నల్లబట్టల్లో ఎవరో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో తుపాకీ ఉంది. ముఖం ఉండాల్సిన చోట రాగి రేకులా ఏదో మెరుస్తోంది, అందులోంచి రెండు కళ్ళు. నేను కెవ్వుమన్నాను. అది బతూలా అనే ముసుగు అనీ, అక్కడి పాతకాలపు ఆడవాళ్ళు ముక్కూ బుగ్గలూ కప్పుకుంటూ పెట్టుకునేదనీ నాకు అప్పటికి తెలియదు.

ఆమె పెద్దాయన భార్య. ఆమె పడక గదిలోంచి మజ్లిస్‌లోకి ఒక చిన్న తలుపు ఉందట. దాని సంగతి కొడుకు ఎప్పుడో మర్చిపోయాడు. ఆమె కొడుకును ఏమీ అడగలేదు. బయట జరిగిందంతా తలుపు వెనకనుంచి విన్నదిగా. మా అందరికీ అర్థం కావాలనేమో, ఇళ్ళలో పనిచేసిన మనవాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలోనే చెప్పింది.

"అది నేనే చేయించాను. మీ నాన్న పోయాక ఈ ఇంటికి దిష్టి తగిలింది. వీళ్ళ దగ్గర మంచి వైద్యం ఉందని విని, నా ఇంటికి చేయమని నేనే అడిగాను. ఆ ఫోన్ లోపల పెట్టు."

కొడుకు అరబ్బీలో ఏదో గట్టిగా అన్నాడు. ఆమె ఒళ్ళో ఉన్న తుపాకీ పిడిని నెమ్మదిగా కిందికి లాగింది, మూసింది. "నేను ఉన్నన్నాళ్ళూ ఈ గోడ పక్కన వీళ్ళే ఉంటారు," అంది. అతను తలవంచుకుని వెళ్ళిపోయాడు. మా నాన్న ఎండలోనే, ఆ ఎర్ర మరక పక్కనే చతికిలబడ్డాడు. మా ముఖం కూడా చూసి ఎరగని మనిషి మా కోసం నిలువునా అబద్ధం ఆడింది.

ఆమె నా వైపు చూసి చెయ్యి ఊపింది. "తాలీ, బింతీ," అంది. ఇలా రా అమ్మా, అని. అమ్మ నన్ను వదల్లేదు. ఆమె నవ్వి, బతూలా తీసి పక్కన పెట్టింది. లోపల మామూలు ముసలి ముఖం. అమ్మ చేతులు వదులయ్యాయి.

ఆమెను నేను పక్కింటి అవ్వ అని పిలవడం మొదలుపెట్టింది ఆ రోజే. ఆమె ఒక తుపాకీ తెరిచి, నా చిటికెన వేలు పట్టుకుని తూటా కూర్చునే గుంతలో పెట్టించింది. ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మకూడదు, కంటితో చూశాక కూడా వేలితో చూడాలి, మా ఆయన నియమం ఇది అంది. వేలికి నూనె రాసిన చల్లటి ఇనుము తగిలింది. అప్పుడు ఆ తుపాకీ పేరు చెప్పింది. అది దానితో జింకలను వేటాడి, తర్వాత ఎడారిలో దాహంతో పోయిన మనిషి పేరు. ఆ పక్కది సముద్రంలో పోయినవాడిది. దగ్గేది దుఖాన్ విదేశీయుడిది.

"వీళ్ళందరూ పోయారు. నోళ్ళు మాత్రం ఇక్కడున్నాయి," అంది అవ్వ. "రోజుకోసారి పేరు పెట్టి పిలిచి తెరిపించాలి. లేకపోతే బిగుసుకుపోతాయి. మా ఆయన చేసేవాడు. ఇప్పుడు ఆయన పేరు కూడా ఒకటి చేరింది."

ఆ చీకటి గదిలో, గోడల నుంచి అన్ని మూసిన నోళ్ళు నా వైపే చూస్తున్నాయనిపించి నాకు మళ్ళీ వెన్ను జలదరించింది. అబద్ధం ఎందుకు, ఆ గదిలో నాకు భయం పూర్తిగా ఎప్పుడూ పోలేదు. అవ్వ అది గమనించి, ఒక రహస్యం చెప్పింది. మా గోడ వైపు నుంచి ఆమెకూ చప్పుళ్ళు వినిపించేవట. పొద్దున్నే గంట మోగడం, ఒక ఆడమనిషి సన్నగా ఏదో చదవడం, పొగ వాసన, ఆ తర్వాత ఏదో రాయి గరగరా తిరగడం. అవి మా అమ్మ పూజా, సాంబ్రాణీ, ఊరి నుంచి మోసుకొచ్చిన రుబ్బురోలూ. ఏ జిన్నో చేరిందని భయపడి ఆమె తన గదిలో పటిక కాల్చేదట. పటిక మాట వినగానే మా అమ్మ పకపకా నవ్వింది. మా ఇంట్లోనూ గుమ్మానికి వేలాడేది పటికే. గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు, ఒకరిని చూసి ఒకరు బిక్కచచ్చి ఇన్నాళ్ళూ కాపురాలు చేశామన్నమాట.

ఆ తర్వాత మధ్యాహ్నాలు వేరుగా ఉండేవి. వారానికి కొన్నిసార్లు వెనక గుమ్మం గుండా వెళ్ళి అవ్వ పక్కన కూర్చునేదాన్ని. మిగతా రోజుల్లో మంచం మీద పడుకుని ఆ వరస వింటూ నిద్రపోయేదాన్ని. అమ్మ కూడా అంతే. తుపాకుల చప్పుడుకు నిద్రపోయే తల్లీకూతుళ్ళు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారా అని నాన్న వెక్కిరించేవాడు.

చలికాలం వచ్చే ముందు ఒక మధ్యాహ్నం, నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. గోడ అవతల పేరు వినిపించింది. ఇనుము కిందికి జారింది. తర్వాత ఇంకేమీ లేదు.

తెరిచిన చప్పుడు వచ్చింది, మూసిన చప్పుడు రాలేదు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. నా ఒళ్ళంతా ఆ ఒక్క చప్పుడు కోసం కాచుకుని ఉంది. గదిలో ఏసీ మాత్రం గుర్రుమంటోంది. ఆ ఇంట్లో నేను పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఆ నిశ్శబ్దం ఒక ఎత్తు. లేచి చూస్తే వంటగది గుమ్మంలో అమ్మ, తడి చేతులతో నిలబడి ఉంది. ఆమె కూడా వింటోంది.

"మూయలేదే," అంది అమ్మ.

ఇద్దరం చెప్పుల్లేకుండానే కాలే బాట మీద పరుగెత్తాం. పనిమనిషి తన గదిలో నిద్రపోతోంది. చిన్న తలుపు గుండా మజ్లిస్‌లోకి వెళ్ళేసరికి, అవ్వ తివాచీ మీద గోడకు ఒరిగి ఉంది. ఒళ్ళో తుపాకీ తెరిచే ఉంది. కళ్ళు మమ్మల్ని చూస్తున్నాయి. బతూలా కింద నోరు ఒక పక్కకు వంకర తిరిగిపోయింది. మాట్లాడాలని చూస్తోంది, మాట రావడం లేదు. కుడిచెయ్యి పిడి మీదే ఉంది గానీ అది ఆమె మాట వినడం లేదు.

అమ్మ ఒక్క అంగలో వెళ్ళి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. "అవ్వా, కండ్లు మూయకు, నన్నే సూడు, నన్నే సూడు," అని తెలుగులోనే అరుస్తోంది. నేను పనిమనిషిని లేపాను. ఆమె అంబులెన్సుకు ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చేదాకా నేను అవ్వ చెయ్యి వదల్లేదు. ఆమె చూపు మాటిమాటికీ ఒళ్ళోకే పోతుంటే నాకు అర్థమైంది. ఆమె వేళ్ళ మీద నా వేళ్ళు వేసి, ఇద్దరం కలిసి ఆ పిడిని పైకి మూశాం. అప్పుడు ఆమె కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

సమయానికి తెచ్చారు, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదు అన్నారట ఆసుపత్రిలో. అవ్వ బతికింది. మాట ముద్దగా వచ్చేది, కుడిచెయ్యి సగమే తిరిగి వచ్చింది, అయినా బతికింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చిన సాయంత్రమే కొడుకు మా గుమ్మం దాకా వచ్చి, నాన్న చేతులు రెండూ పట్టుకున్నాడు. ఇల్లు ఖాళీ చేయమన్న మాట మళ్ళీ మాకు వినపడలేదు. ఆ శుక్రవారం అతను అనుకున్నట్టే మమ్మల్ని పంపించేసి ఉంటే, ఆ గోడకు ఇవతల ఆ మధ్యాహ్నం వినే మనిషే ఉండేది కాదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆనాటి నుంచి చప్పుళ్ళకు భయపడటం నాకు పోయింది. పైన ఎవరో నడుస్తున్నారనీ, పక్కవాళ్ళు గోల చేస్తున్నారనీ ఎవరైనా విసుక్కుంటే నాకు నవ్వొస్తుంది. ఇప్పుడు మా పై అంతస్తులో ఒంటరిగా ఒక పెద్దమనిషి ఉంటాడు. పొద్దున్నే కుర్చీని నేల మీద బరబరా ఈడుస్తాడు. మా కోడలికి ఆ చప్పుడంటే ఒళ్ళు మంట. ఏ రోజైనా అది వినిపించకపోతే, నేను ఈ మోకాళ్ళతోనే, రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి వెళ్ళి ఆయన తలుపు కొడతాను. ఆయన నిద్రమొహంతో తలుపు తీసి, "మళ్ళీ ఏమైందమ్మా మీకు?" అని చిరాకు పడతాడు. నాకేమీ కాలేదని చెప్పి, ఆయన తలుపు మూసుకునే చప్పుడు వినిపించేదాకా అక్కడే నిలబడి, అప్పుడు కిందికి దిగుతాను.